గెనాది బాబాయ్ వెనకాలే వస్తున్నాడు

బెక్లెమెతో అనే కనుమలో వ్యాన్ తలుపు బార్లా తెరిచి, నెవెన పాదాల్ని ఒళ్ళో పెట్టుకుని బొబ్బలకి ప్లాస్టర్లు అంటిస్తున్నాడు స్తొయిమెన్. సెప్టెంబరు నెలే అయినా గాలి చెవులు కోసేస్తోంది. కింద లోయ కనపడటం మానేసి చాలాసేపయింది.

"ఇవి పాదాలటే? మా సందు చివర కసాయి కొట్టులో వేలాడేవి ఇంతకంటే శుభ్రంగా ఉంటాయి."

"నీ పని నువ్వు చూడరా. చేతులతో అంటించమన్నాను, నోటితో కాదు."

ఇద్దరూ గాబ్రొవోలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. అతను పాడైన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆమె బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటుంది. ఏడాది పొడుగునా ఎక్కడెక్కడికో వెళ్ళేవాళ్ళకి టికెట్లు ఇచ్చే మనిషికి, తన కాళ్ళతో తాను వెళ్ళాలనిపించిన దారి ఒక్కటే. పడమటి సరిహద్దులో కోమ్ శిఖరం మీద మొదలై, బాల్కన్ కొండల వెన్ను మీదుగా దేశం ఈ కొస నుంచి ఆ కొసకి పోయి, ఎమినె దగ్గర నల్లసముద్రంలోకి దిగిపోయే దారి. నడిచేవాళ్ళకి మూడు వారాలు పడుతుంది. నెవెన వారంలో పరిగెత్తాలనుకుంది. ఒకసారి మోకాలు, ఇంకోసారి జ్వరం ఆమెని సగంలోనే దింపేశాయి. ఇది మూడోసారి.

ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. కనుమ కనుమకీ ఎవరో ఒకరు ముందే చేరుకుని వేడి సూపూ, పొడి మేజోళ్ళూ పట్టుకుని నిలబడాలి. కొండ మీద వంతులవారీగా తోడు పరిగెత్తాలి. వ్యాన్ స్తొయిమెన్‌ది, ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి అని హుకుం జారీచేసేదీ అతనే. మిగతావాళ్ళు ఉద్యోగాలకి సెలవు పెట్టి, పెళ్ళాల చేతా మొగుళ్ళ చేతా తిట్లు తిని వచ్చినవాళ్ళు.

ఆ రోజు తోడు వంతు గెనాదీది. అరవై దాటినవాడు. కలోఫెర్‌లో గులాబీ నూనె తీసే కార్ఖానాలో బాయిలర్ దగ్గర పని చేసి రిటైరయ్యాడు. కొండల్లో పరిగెత్తేవాళ్ళంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. మొగుడు వదిలేసి వెళ్ళిపోయిన ఏడు, ఇంట్లో గోడలు చూడలేక కొండెక్కి, దిగడం చేతకాక ఒక రాయి పట్టుకుని ఏడుస్తున్న నెవెనకి ఆయనే ఎదురయ్యాడు. "కాళ్ళకేసి చూడకమ్మా, వెళ్ళేచోటు చూడు, కాళ్ళు వాటంతటవే వస్తాయి" అని చెప్పి, చెయ్యి పట్టుకోకుండా, పక్కనే నడుస్తూ కిందిదాకా దింపాడు. పరుగు ఆమెకి అలా పట్టుకుంది.

"ఏమ్మా మహారాణీ, ఇంకా ముస్తాబు అవలేదా?" అంటూ వచ్చాడు గెనాది, చేతిలో గుడ్డలో చుట్టిన బనిత్స పొరల రొట్టె. "మీ పిన్ని పంపింది. ఇవాళ జున్ను ఎక్కువేసింది. నాకెప్పుడూ ఇంత వెయ్యదు."

"బాబాయ్, గాలి చూశావా?" అన్నాడు స్తొయిమెన్. "కుపెన్ శిఖరం మీద ఇంకా ఎక్కువుంటుంది. పోనీ నువ్వు మానెయ్యి, నేను వెళ్తాను తోడు."

"నువ్వా? నీ పొట్టని మొయ్యడానికి ఇంకో ఇద్దరు కావాలిరా."

అందరూ నవ్వారు. స్తొయిమెన్ కూడా నవ్వాడు. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

*

దొబ్రిల సత్రం దాటాక గాలి తిరిగింది. చినుకులు అడ్డంగా కొడుతున్నాయి. కుపెన్ దగ్గర ఇనుప గొలుసులు పట్టుకుని ఎక్కేటప్పుడు వేళ్ళకి స్పర్శ తెలియలేదు. నెవెన కాళ్ళు మూడు రోజులుగా పరిగెత్తుతున్నా ఆ పూట విచిత్రంగా తేలికయ్యాయి. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టు దూసుకుపోతోంది. గెనాది వెనకబడ్డాడు. రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ ఆయన పొగమంచులోంచి నెమ్మదిగా, నోరు తెరుచుకుని, నవ్వుతూ బయటికొచ్చాడు.

"ఆగకు. ఆగితే గడ్డకట్టుకుపోతావు. నువ్వు పద, నేను వెనకాలే వస్తాను. బొతెవ్ మీద టీ కాచి ఉంచమను."

"కలిసే వెళ్దాం బాబాయ్."

"నీకు తోడు రమ్మన్నారు గానీ, నీకు గుదిబండ కమ్మన్నారా నన్ను? పో!"

ఆమె వెళ్ళింది. ఒకసారి వెనక్కి చూసింది. ఆయన చెయ్యి ఎత్తాడు. తర్వాత ఆ చెయ్యి కూడా తెల్లదనంలో కలిసిపోయింది.

బొతెవ్ శిఖరం మీద, కొండెక్కేవాళ్ళు తలదాచుకునే చలిగూట్లో యాసెన్ ఎదురుచూస్తున్నాడు. అక్కణ్ణించి ఉజానా పచ్చికల దాకా తోడు వంతు అతనిది. వడ్రంగి, మాట తక్కువ. ఆమె భుజాల మీద దుప్పటి కప్పి, కప్పు చేతిలో పెట్టాడు.

"బాబాయ్ ఏడీ?"

"వెనకాలే వస్తున్నాడు."

టీ తాగింది. సూపు తాగింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. యాసెన్ రెండుసార్లు తలుపు తీసి చూశాడు. తీసినప్పుడల్లా పొగమంచు లోపలికొచ్చింది తప్ప మనిషి రాలేదు.

"కాసేపు ఆగుదామా?"

కూర్చున్నకొద్దీ కాళ్ళు బిగుసుకుపోతున్నాయని నెవెనకి తెలుస్తోంది. ఇంకాసేపు కూర్చుంటే లేవదు. లేవకపోతే ఈసారి కూడా ఇంతే.

"ఇక్కడి ప్రతి రాయీ ఆయనకి తెలుసు. వస్తాడు. పద."

చలిగూడు చూసుకునే మనిషికి సంగతి చెప్పి ఇద్దరూ తూర్పు వైపు దిగారు.

*

ఉజానాలో వ్యాన్ దగ్గరికొచ్చి పడుకుని, మర్నాడు లేచేసరికి స్తొయిమెన్ మొహం వాడిపోయి ఉంది. నిద్రలేదేమో అనుకుంది.

"బాబాయ్ దిగాడా?"

స్తొయిమెన్ ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. తిప్పిన మూతనే మళ్ళీ తిప్పాడు.

"దిగాడు. కిందే ఉన్నాడు."

"చలికి తిట్టుకున్నాడా?"

"సూపు చల్లారిపోతోంది, తాగు ముందు."

తాగింది. ఇంకేమీ అడగలేదు.

షిప్కా దాటాక కొండలు పొట్టివవుతూ వచ్చాయి. బోడి శిఖరాలు పోయి అడవులొచ్చాయి. బురద, ముళ్ళు, ఎవరూ నడవక మూసుకుపోయిన దారులు. కాలిగోళ్ళు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. పరిగెత్తుతూనే కునుకు తీసి చెట్టుకి గుద్దుకుంది ఒకసారి. తోడొచ్చినవాళ్ళు ఊసుపోక కబుర్లు చెప్పేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, సోఫియా వాళ్ళ మీద హాస్యాలాడేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఏ పరుగులోనైనా గెనాది మీద కనీసం నాలుగు హాస్యాలు పడాలి. ఆయన టోపీ మీద, ఆయన గురక మీద, తొదోర్క పిన్ని అంటే ఆయనకున్న భయం మీద. ఈసారి ఎవరూ ఆయన పేరెత్తడం లేదు.

నెవెనకి అది తెలుస్తూనే ఉంది. తన ఫోన్ స్తొయిమెన్ దగ్గరే ఉండిపోయిందనీ తెలుసు. వ్రాత్నిక్ కనుమలో అతను వ్యాన్‌కి దూరంగా, అటు తిరిగి నిలబడి, ఫోన్ చెవిలో పెట్టుకుని, రెండో చేత్తో కళ్ళు మూసుకోవడం చూసింది. చూసి తల తిప్పుకుని, "పుచ్చకాయ ఉందా?" అని అరిచింది. అతను మొహం తుడుచుకుని ముక్క కోసి తెచ్చాడు.

వారం అనుకున్నది ఒక రోజు జారింది. సముద్రం ఇంకొక్క రోజు దూరంలో ఉందనగా, అయ్‌తోస్ ఊరి నుంచి దిలియాన అనే అమ్మాయి తోడొచ్చింది. పోస్టాఫీసులో పని చేస్తుంది, నెవెనకి ముఖపరిచయం మాత్రమే. ఓక్ చెట్ల మధ్య ఎండ పడుతోంది. చాలాసేపు మాట్లాడకుండా పరిగెత్తి, ఆ అమ్మాయి ఉన్నట్టుండి అంది:

"నువ్వు గట్టిదానివక్కా. నేనైతే అక్కడే కూలబడిపోయేదాన్ని. ఆయన కోసమే పూర్తి చేస్తున్నావు కదూ?"

"ఎవరి కోసం?"

"అదే… గెనాది బాబాయ్ కోసం."

నెవెన కాళ్ళు ఇంకా కొంతదూరం వాటంతటవే వెళ్ళాయి. తర్వాత ఆగాయి. వెనక్కి తిరిగింది. దిలియాన నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"నీకు… చెప్పలేదా?"

*

ద్యూలినో కనుమకి నడుచుకుంటూ వచ్చింది. స్తొయిమెన్ దూరం నుంచే ఆ నడక చూసి, చేతిలో గిన్నె నేల మీద పెట్టాడు.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దున. కార్లొవో ఆస్పత్రిలో."

"ఎలా?"

చెప్పాడు. చీకటిపడేదాకా చూసి చలిగూటి మనిషి కబురు పంపాడు. కొండ రక్షక దళం వాళ్ళు వెంటనే బయల్దేరినా పొగమంచులో ఏమీ కనపడలేదు. తెల్లవారాక బొతెవ్‌కి పడమట, దారికి కాస్త కింద దొరికాడు. తొడ ఎముక విరిగింది. వానలో అలాగే పడి ఉన్నాడు. దొరికేటప్పటికి ప్రాణం ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.

"ఖననం?"

"నిన్న మధ్యాహ్నం అయిపోయింది."

"నిన్న మధ్యాహ్నం నేనేం చేస్తున్నాన్రా?"

స్తొయిమెన్ నేల మీది గిన్నెని కాలితో పక్కకి జరిపాడు.

"చెప్పు. నాకు గుర్తులేదు. నిద్రలో ఉన్నానా? పాట పాడుతున్నానా?"

"టమాటాలు తింటున్నావు. ఉప్పు సరిపోలేదన్నావు."

ఆమె అతని గుండెల మీద రెండు చేతులతో తోసింది. బలం లేని తోపు అది. అతను కదల్లేదు.

"అందరికీ తెలుసు! అందరూ కలిసి నన్నొక గాడిదలాగా తోలుకొచ్చారు. నా కోసం చేశాననుకుంటున్నావేమో, నీ కోసం చేసుకున్నావురా. పాత ఫ్రిజ్‌లు తప్ప ఈ జన్మలో నువ్వు ఇంకేదీ పూర్తి చేసింది లేదు. నా కాళ్ళ మీద నువ్వు సముద్రం చేరదామనుకున్నావు!"

యాసెన్ ముందుకి రాబోతే స్తొయిమెన్ చేత్తోనే ఆపాడు. "అననీ" అన్నాడు.

అరిచి అరిచి గొంతు పోయాక నెవెన రోడ్డు పక్కన కూర్చుంది. ఎక్కడా సముద్రం కనపడటం లేదు గానీ గాలిలో తడి తెలుస్తోంది. ఇంకొక్క రోజు. ఎవరైనా ఆ మాట అంటారని చూసింది, అంటే వాళ్ళని చంపెయ్యాలనుకుంది. ఎవరూ అనలేదు.

"కలోఫెర్ తీసుకెళ్ళు" అంది.

స్తొయిమెన్ ఆగకుండా బండి నడిపాడు. రోజుల తరబడి పరిగెత్తి వచ్చిన దూరమంతా కిటికీలోంచి కొన్ని గంటల్లో వెనక్కి జరిగిపోయింది. ఎడంపక్క పొద్దుతిరుగుడు చేలు, కుడిపక్క ఆ కొండలే. స్తొయిమెన్ మీద కోపం ఒక్కో ఊరు దాటేకొద్దీ సన్నబడుతూ, దాని కింద ఉన్నది బయటపడసాగింది. ఉజానాలో "కిందే ఉన్నాడు" అన్నప్పుడు, ఇంట్లోనా, ఏం చేస్తున్నాడు, ఫోన్ చేసి ఇవ్వు అని ఒక్క మాట అడిగితే అతను అబద్ధం చెప్పలేకపోయేవాడు. చిన్నప్పట్నుంచీ ఎరుగును, అతనికి చేతకాదు. ఆ ఒక్క మాట ఆమె అడగలేదు. అడిగితే ఆగాల్సొస్తుంది కాబట్టి అడగలేదు.

*

గేటుకి చావు కబురు రాసిన నల్ల అంచు కాగితం అంటించి ఉంది. ఫోటోలో గెనాది టై కట్టుకుని, ఎవరో తెలియనివాడిలా చూస్తున్నాడు. తొదోర్క పిన్ని నల్ల గుడ్డ తలకి చుట్టుకుని, వాకిట్లో ద్రాక్ష పందిరి కింద కూర్చుంది. పక్కన ఆమె చెల్లెలు వంకాయలు కాలుస్తోంది. చావింట్లో కూడా శీతాకాలానికి పచ్చడి పెట్టుకోవాలి.

నెవెన బురద బూట్లతోనే ఆమె ముందు నిలబడింది. ఏం అనాలో దారిలో అనుకున్నదంతా పోయింది.

"చేరుకున్నావా?" అంది తొదోర్క.

"లేదు పిన్నీ. ఇవాళే తెలిసింది. వదిలేసి వచ్చాను."

తొదోర్క తల ఎత్తి ఆమెకేసి చూసింది. చూపులో కోపం కూడా లేదు.

"ఇంకెంత ఉంది?"

"ఒక రోజు."

"మరి ఆయన ఎందుకు పోయినట్టు?"

చెల్లెలు "అక్కా" అని భుజం మీద చెయ్యి వేసింది. తొదోర్క ఆ చెయ్యి తీసేసింది.

"ఉండవే. ఆస్పత్రిలో కళ్ళు తెరిచినప్పుడల్లా అదే అడిగేవాడు, నెవెన ఎక్కడిదాకా వచ్చింది అని. నేను ఫోన్ చేసి ఆ స్తొయిమెన్‌ని అడిగి చెప్పేదాన్ని. షిప్కా దాటిందట అని, హైన్‌బోవజ్ దగ్గరికొచ్చిందట అని. నా గురించి ఒక్కసారి అడగలేదు. దానికి చెప్పకండి, ఆగిపోతుంది అన్నాడు. స్తొయిమెన్ చేత ఒట్టు వేయించాడు. వాడు ఫోన్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

నెవెన మెట్టు మీద కూర్చుంది.

"నేను ఆయన్ని వదిలేసి వెళ్ళాను పిన్నీ. యాసెన్ ఆగుదామన్నాడు. నేనే వద్దన్నాను."

"తెలుసు. ఖననానికి వచ్చినప్పుడు యాసెన్ చెప్పాడు." తొదోర్క వంకాయ ఒకటి అందుకుని, వేడిగా ఉండగానే తొక్క వొలవసాగింది. "ఆగుంటే బతికేవాడేమో. నీ వల్ల కాదని చెప్పమంటావా? నేను చెప్పలేను. నలభయ్యో రోజు ప్రార్థనకి రా. ఇవాళ మాత్రం వెళ్ళు."

బయట స్తొయిమెన్ వ్యాన్‌కి ఆనుకుని సిగరెట్ పట్టుకున్నాడు. మానేసి పదేళ్ళయింది.

"ఆయన ఒట్టు వేయించాడని ఎందుకు చెప్పలేదురా? అన్ని మాటలన్నాను."

అతను సిగరెట్ కింద పడేసి తొక్కాడు.

"చెప్పమని ఆయన అన్నా నేను చెప్పేవాణ్ణి కాదు నెవెనా. నువ్వన్నది నిజమే. చేరితే చాలనుకున్నాను. ఒట్టుని అడ్డం పెట్టుకోవడం బాగుండదు."

"నేనూ అడగలేదు" అంది ఆమె.

అతనికి అర్థమయింది. ఇద్దరూ బండెక్కారు.

*

నలభయ్యో రోజున అందరూ వచ్చారు. పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమలు కాగితం గ్లాసుల్లో పంచారు. సమాధి మీద మట్టి అప్పటికే కుంగింది. చలికాలమంతా నెవెన టికెట్లు ఇచ్చింది. పరిగెత్తలేదు. స్తొయిమెన్ అప్పుడప్పుడు వచ్చి కిటికీ ముందు నిలబడి, వెనక జనం గొణుగుతున్నా, ఏవో రెండు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు. పాత హాస్యాలు ఇద్దరి నోటా రాలేదు.

జూన్‌లో తొదోర్క ఫోన్ చేసింది.

"ఆ చోటు చూడాలి. నా కాళ్ళు అంత దూరం రావు. మీరంతా ఎవరినైనా ఎక్కడికైనా చేరుస్తారటగా."

యాసెన్, స్తొయిమెన్, ఇంకో ఇద్దరు వచ్చారు. కార్లొవో వైపు నుంచి ఎక్కారు. మొదటిరోజు లెవ్స్కి సత్రం దాకానే. తొదోర్క యాభై అడుగులు వేసి ఆగేది, ఆగి అందర్నీ తిట్టేది, మళ్ళీ లేచేది. ఎవరూ తొందరపెట్టలేదు. ఒకరు ఆమె సంచీ, ఒకరు నీళ్ళు, ఒకరు మడత కుర్చీ మోశారు. వాగు దాటేచోట స్తొయిమెన్ వీపు మీద ఎక్కించుకున్నాడు. నెవెన ఆ రెండు రోజులూ ఆమె పక్కనే, ఆమె అడుగుకి అడుగుగా నడిచింది. అంత నెమ్మదిగా ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు.

ఆ రోజు మబ్బు లేదు. దళం వాళ్ళు గుర్తుగా పేర్చిన రాళ్ళు చూపించాడు యాసెన్. దారికి నిజంగానే ఎంతో దూరం లేదు. గొంతెత్తి పిలిస్తే వినపడేంత దూరం. ఎదురుగా బొతెవ్ మీది టీవీ స్తంభం ఎండలో స్పష్టంగా కనపడుతోంది.

తొదోర్క కుర్చీలో కూర్చుని గడ్డికేసి చూసింది. ఎక్కడో గొర్రెల గంటలు మోగుతున్నాయి.

"ఇంతేనా?" అంది.

"ఇంతే పిన్నీ."

"ఇక్కడ ఏముందని వచ్చేవాడు ఇన్నేళ్ళు?"

నెవెన చెప్పబోయింది, ఒకప్పుడు ఆమెకి తెలిసిన జవాబే అది, కానీ ఈ చోట ఆ మాట అనలేకపోయింది. తొదోర్క సంచీలోంచి రొట్టె తీసి తుంచి అందరికీ ఇచ్చింది. నిలబడే తిన్నారు. గాలి లేచింది. నెవెన తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పింది. తొదోర్క వద్దనలేదు, దాన్ని మెడ దాకా లాక్కుంది.

"చలేస్తోంది. దింపండి నన్ను" అంది.